మెడ మీద నాలుగు చారలు

రూపవతిగారిది అమలాపురం. కెనడాలోని కిచెనర్‌లో ఒక టానింగ్ సెలూన్‌లో ఆరేళ్లుగా పని చేస్తున్నారు. తెల్లవాళ్లు డబ్బులిచ్చి మరీ దీపాల పెట్టెలో పడుకుని నల్లబడతారంటే మొదట్లో ఆవిడ నమ్మలేదు. "మనం తెల్లబడాలని చస్తుంటే వీళ్లకిదేం పోయేకాలం!" అని నవ్వేవారు. పని మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసేవారు. వచ్చిన ప్రతివాళ్లనూ అడిగేవారు: ఒంటికి ఏమైనా రాసుకున్నారా? సెంటు, క్రీము, పుల్లటి పళ్ల రసం, ఏదున్నా సబ్బుతో కడుక్కోవాలి. మందులు వాడుతుంటే చెప్పాలి. లేకపోతే మచ్చలు పడతాయి. ఈ పాఠం నిద్రలో లేపినా అప్పజెప్పేవారు.

షెర్లీ ఆవిడ వెళ్లే తెలుగు చర్చిలో పిల్ల. పక్క ఊరు వాటర్లూలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏప్రిల్లో పెళ్లి. తల్లికి ఇంకా వీసా రాలేదు. "మీ అమ్మ వచ్చేదాకా నేనున్నానుగా" అంటూ రూపవతిగారే పెళ్లి పెద్దరికం నెత్తినేసుకున్నారు.

ఫిబ్రవరిలో ఒక శనివారం పిల్లను ఇంటికి పిలిచి నలుగు పెట్టారు. శనగపిండి, పసుపు అయ్యాక, నిమ్మకాయ పిండి ఆ రసాన్ని చేత్తో మెడకూ భుజానికీ పట్టించారు. తడిగుడ్డతో పైపైన తుడిచారు.

"నాకు విటమిన్ డి తక్కువుందంట ఆంటీ. డాక్టర్ టాబ్లెట్స్ రాసింది," అంది షెర్లీ.

"టాబ్లెట్లెందుకే, మా షాపులో బోలెడు ఎండ ఉంటేనూ! పద, పది నిమిషాలు పడుకుందువుగాని."

ఆ పూట పిల్లను దీపాల పెట్టెలో పడుకోబెడుతూ ఆవిడ రోజూ అడిగే ప్రశ్న అడగలేదు. ఎలా అడుగుతారు? పాఠంలో పుల్లటి పళ్ల రసం ఉన్నా, ఆవిడ దృష్టిలో రాసుకునేవంటే సీసాల్లో వచ్చేవి. అమ్మమ్మల నాటి నలుగును ఎవరైనా అనుమానిస్తారా? ఊరందరికీ శకునం చెప్పిన బల్లి వెళ్లి కుడితిలో పడిందంటే ఇదే మరి!

రెండు రోజులకు షెర్లీ మెడ కందిపోయి బొబ్బలెక్కింది. పది రోజులకు ముదురు గోధుమరంగు మచ్చలు తేలాయి. మెడ నుంచి భుజం దాకా నాలుగు చారలు. రూపవతిగారు చూడగానే గుర్తుపట్టారు. అవి తన వేళ్లు. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే మాట.

"ఏదో ఎలర్జీ అయ్యుంటుందిలే."

ఆ తర్వాత మూడు వారాలు ఆవిడ తేలు కుట్టిన దొంగలా తిరిగారు. షెర్లీ ఫోన్ చేస్తే ఎత్తలేదు. పెళ్లిలో ఆ మెడ అందరికీ కనబడుతుందని తలుచుకుంటే ముద్ద దిగేది కాదు. సెలూన్లో "ఒంటికి ఏమైనా రాసుకున్నారా?" అని అడిగినప్పుడల్లా తన మీద తనకే అసహ్యం వేసేది.

మార్చిలో ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయానికి ఆవిడ లేచారు. ఎప్పుడూ ఏదో ఒక మేలుకు స్తోత్రం చెప్పే మనిషే కనుక అందరూ నవ్వుముఖాలతో చూశారు.

"షెర్లీ మెడ మీద మచ్చలు ఎలర్జీ కాదండీ. నిమ్మరసం రాసి ఆ దీపాల కింద పడుకోబెట్టింది నేనే. తెలిసీ అబద్ధమాడాను," అని కూలబడిపోయారు.

ఆరాధన అయ్యాక షెర్లీ దగ్గరికొచ్చింది.

"నాకు తెలుసు ఆంటీ. డాక్టర్ చూడగానే అడిగింది, లెమన్ రాసుకుని లైట్ల కిందకి వెళ్లావా అని. వాటితో విటమిన్ డి కూడా సరిగా రాదంట, ఇంకెప్పుడూ వెళ్లొద్దంది. మచ్చల్ని రుద్దకుండా, ఎండ తగలకుండా సన్‌స్క్రీన్ రాస్తే కొన్ని నెలలకి పోతాయంట."

"మరి నన్ను అడగలేదేమే?"

"మీరే చెప్తారని చూశా. అమ్మకి మాత్రం మీ పేరు చెప్పలేదు. ఎలర్జీ అనే చెప్పా."

తన అబద్ధాన్ని ఆ పిల్ల మోస్తోంది. రూపవతిగారికి కళ్లనీళ్లు ఆగలేదు.

"ఫోన్ కలుపు. మీ అమ్మకి నేనే చెప్తాను."

వీడియో కాల్ కలిసింది. ఆవిడ నోరు తెరిచేలోగా అటునుంచి షెర్లీ తల్లి అందుకుంది.

"వదినా, మీరా! మీరున్నారనే ధైర్యంతోనే ఇక్కడ కంటినిండా నిద్రపోతున్నానండీ!"

రూపవతిగారు షెర్లీ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"వదినా, ముందు నేను చెప్పేది వినండి," అన్నారు.