చుక్కలత్త చొక్కా

చొక్కాల మీద బొమ్మలు అచ్చువేసే ఆ వర్క్‌షాపులో అందరూ ఆమెను చుక్కలత్త అంటారు. కోడలు మాత్రం అత్తయ్యా అనే పిలుస్తుంది. ఎంతైనా సొంత అత్తగారు కదా! కంప్యూటర్‌లో గీసిన బొమ్మలు మరీ నున్నగా, నిన్ననే పుట్టినట్టుంటాయి. చుక్కలత్త వాటి రంగుల్లో ఇసుక రేణువుల్లాంటి చిన్నాపెద్దా చుక్కలు వరసల్లో నింపి, వందసార్లు ఉతికిన చొక్కా మీది బొమ్మలా మార్చేస్తుంది.

"ఇంట్లో నేను తుడవలేక చస్తుంటే, ఇక్కడ మీరు శుభ్రమైన బొమ్మల్ని మురికి చేస్తారు" అని కోడలు ఆటపట్టించేది.

"మురికి ఎవరైనా చేస్తారు. ఎక్కడ ఆపాలో తెలియాలిగా!"

ఆమెకు అది తెలుసు. చుక్కల్ని కాగితం మీద అచ్చుతీసి, గరుకు కాగితంతో రుద్ది, నలిపి, మళ్లీ స్కాన్ చేసి బొమ్మలోకి ఎక్కిస్తుంది. నమూనా చొక్కాను తలుపుకు తగిలించి పది అడుగులు వెనక్కి నడిచి చూస్తుంది. "చొక్కాను ముక్కుకు ఆనించుకుని ఎవరూ చూడరమ్మాయ్" అంటుంది. ఇరవై ఏడేళ్లుగా ఆ పది అడుగులు ఒక్కసారీ మానలేదు. అంత ఓపిక ఆ వర్క్‌షాపులో ఇంకెవరికీ లేదు.

చూపు మందగించాక ఆమె పని కోడలికి అప్పగించింది. మొదటి ఆర్డర్ బస్సు డిపో ఫుట్‌బాల్ జట్టుకు నలభై చొక్కాలు, వాటి మీద పాత బస్సు బొమ్మ. ఎనిమిది రోజుల్లో వాళ్ల ఆట. "ఇది బాగా వస్తే చుక్కల పని నీదే. లేదంటే మళ్లీ చొక్కాలు మడతపెట్టే బల్ల దగ్గరికే" అని యజమాని మొహం మీదే చెప్పేశాడు.

ఆ బస్సులో ఏం వెయ్యాలో కోడలు అప్పటికే నిర్ణయించుకుంది. ఇంటిపనికి అత్తగారు తొడుక్కునే పాత చొక్కా ఒకటుంది. దాని మీది సూర్యుడి బొమ్మలో నీటి అలల్లాంటి మెత్తని చారలు కదులుతున్నట్టుంటాయి. కోడలికి ఆ అలలంటే ప్రాణం. అడిగితే చిన్నతనమనుకుని, అవి ఎలా వేస్తారో తనే కనిపెట్టాలని వారం రోజులు తంటాలు పడింది. చుక్కల్ని సన్నం చేసింది, వరసలు మార్చింది. చివరికి ఆటకు ముందురోజు మధ్యాహ్నం నమూనా చొక్కా మీది బస్సులో అలలు లేచాయి.

"అత్తయ్యా, వచ్చేశాయి! అచ్చం మీ చొక్కాలాగే!"

చుక్కలత్త పది అడుగులు వెనక్కి వెళ్లి చూసింది.  కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

"అవి నేను వేసిన అలలు కావే పిచ్చిదానా! నా మొదటి ఆర్డర్‌లో జరిగిన తప్పు. చుక్కల వరసలకీ, రంగు దిగే స్క్రీన్ బట్ట దారాలకీ పొత్తు కుదరకపోతే అట్లా చారలు పడతాయి. చొక్కాలన్నీ వెనక్కి వచ్చాయి. ఏడాదిపాటు మడతల బల్ల దగ్గరే ఉన్నాను."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు తొడుక్కున్నారు?"

"మొదట్లో మర్చిపోకూడదని. తర్వాత మెత్తగా ఉందని."

 సాయంత్రానికి అచ్చు మొదలవ్వాలి. కోడలు కంప్యూటర్ ముందు కుర్చీలోంచి లేచి, "మీరే చెయ్యండి అత్తయ్యా" అంది.

"నేను చేస్తే పని నాదవుతుంది. కూర్చో." చుక్కలత్త చేతులు కట్టుకుని పక్కన స్టూలు మీద కూర్చుంది. "చుక్కలు కాస్త పెద్దవి చెయ్యి. వరసల్ని దారాలకి వాలుగా తిప్పు."

"ఎంత వాలుగా?"

"అది నువ్వే చూసుకోవాలి."

రెండు నమూనాలు చెడిపోయాయి. మూడోది తలుపుకు తగిలించాక చుక్కలత్త లేవలేదు. "నువ్వే నడు" అంది.

కోడలు వెనక్కి నడిచింది. ఆరో అడుగుకే తెలిసిపోయింది, అయినా పదీ వేసింది. అలలు లేవు. పాతికేళ్లు దుమ్ములో తిరిగొచ్చిన బస్సు తలుపు మీద నిలబడి ఉంది. యజమాని వచ్చి చూసి, అచ్చువేసేవాళ్ల వైపు తిరిగి "కానివ్వండి" అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ ఎరగరు.

అలల బస్సు చొక్కాను కోడలు అప్పటికే చెత్తగుడ్డల బుట్ట అడుగున దాచేసింది. ఇంటికి బయల్దేరేముందు చుక్కలత్త దాన్ని బయటికి లాగి, దులిపి చేతికిచ్చింది.

"నీ కొలతే. తొడుక్కో."

"ఎవరైనా చూస్తే నవ్వుతారు అత్తయ్యా."

"నవ్వనీవే. ఇన్నేళ్లూ నేనొక్కదాన్నే తొడుక్కు తిరిగాను."

కోడలు చొక్కా తొడుక్కుంది.