దిగే టైము

భర్త పోయాక తారామణి చౌటుప్పల్ నుంచి ఉప్పల్‌కు వచ్చి, చిలకానగర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, నాచారంలో మందుబిళ్లలు ప్యాక్ చేసే కంపెనీలో చేరింది. చెయ్యి చురుకు, మాట కరుకు. అక్కడ డ్యూటీ ఎక్కే వేళే ఖాయం. దిగే వేళకు లెక్కంటూ లేదు. సరుకు కోసం లారీ వచ్చిందంటే ఆడవాళ్లను ఆపేసేవారు. ఒకసారి తోటి కార్మికురాలు సత్తమ్మ, బిడ్డకు జ్వరంగా ఉందని బతిమాలినా గేటు తీయలేదు. అది తారామణి మనసులో అలాగే రగులుతూ ఉండిపోయింది.

2008 వేసవిలో కంపెనీ అందరినీ కొత్త ఒప్పందం మీద సంతకం చేయమంది. ‘యాజమాన్యం నిర్దేశించిన వేళల్లో పనిచేయుటకు అంగీకరిస్తున్నాను’ అన్న వాక్యం దగ్గర తారామణి ఆగిపోయింది. సూపర్‌వైజర్ ఉమాపతిని అడిగితే, ఉండమన్నంతసేపు ఉండడమేనని తేల్చేశాడు. ఆమెకు నమ్మకం కుదరలేదు. కాగితం తీసుకుని, పై వాటాలో ఉండే తెలుగు టీచరు అరుణకుమారి దగ్గరికి వెళ్లింది.

“నిర్దేశించడం అంటే ఊరికే చెప్పడం కాదమ్మా. ఫలానాది ఇలా ఉండాలని ముందే ఖాయం చేసి షరతు పెట్టడం. ఇల్లు ఖాళీ చేయాలంటే నెల ముందు చెప్పాలని మన అద్దె కాగితం నిర్దేశిస్తోందిగా, అలాగ,” అంది టీచరు.

“మరి గీండ్ల టైమేడున్నది మేడం?”

వెనకా ముందూ తిప్పి చూసినా ఎక్కడా లేదు. అడిగితే ఉద్యోగం పోవచ్చని కూడా టీచరు హెచ్చరించింది.

అయినా మర్నాడు తారామణి మేనేజరు చలపతిరావు ముందు నిలబడింది. అందరికీ లేని బాధ నీకేమిటని ఆయన విసుక్కున్నాడు. ఎప్పటికప్పుడు కంపెనీ చెప్పేదే నిర్దేశించడం అన్నాడు.

“ఎప్పటికప్పుడు జెప్పేది హుకుం అయితది సార్, ఒప్పందమెట్లయితది? దిగే టైము గూడ రాయుండ్రి. రాసినంకనే సంతకం పెడ్త.”

ఆయన ఆమెను బయటికి పొమ్మన్నాడు. ఆమె వెళ్లి గేటు ముందు కూర్చుంది. కాసేపటికి సత్తమ్మ వచ్చి పక్కన చేరింది. మధ్యాహ్నానికి ప్యాకింగ్‌లో సగం మంది ఆడవాళ్లు బయటే ఉన్నారు. లారీ ఎండలో ఖాళీగా నిలబడింది. చివరికి ఉమాపతే వచ్చి పిలిచాడు. సాయంత్రం అయిదున్నరకు డ్యూటీ దిగాలని, ఆపై ఉండాలంటే కార్మికురాలు ఒప్పుకోవాలని కొత్తగా టైపు చేయించారు. తారామణి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి సంతకం చేసింది.

ఏడాది తిరిగాక అందరి ఒప్పందాలూ పొడిగించి ఆమెది మాత్రం ఆపేశారు. ఆమె ఎవరినీ బతిమాలలేదు. చాలా రోజులు ఖాళీగా తిరిగి, మల్లాపూర్‌లో బట్టలు కుట్టే యూనిట్‌లో కుదురుకుంది. ఒక ఆదివారం చూడటానికి వచ్చిన సత్తమ్మ, తామంతా వేళకే ఇళ్లకు పోతున్నామని చెప్పి, నీకే నష్టమైందక్కా అని కళ్లు తుడుచుకుంది.

“మస్తు తిప్పలవడ్డ, గది నిజమే,” అంది తారామణి. “అయినా రేపు మల్ల గసొంటి కాగితమే ఇస్తె, మల్ల గట్లనే అడుగుత.”