గోడ మీద నాలుగు వేళ్లు

మా డయాలిసిస్ గదిలో పెద్ద సిస్టర్‌ని అందరం పెద్దక్క అనే పిలుస్తాం. ఆవిడకంటే ఇరవై ఏళ్లు పెద్దవాణ్ణి, నేనూ అంతే.

వెళ్లగానే ముందు బరువు చూస్తారు. కిందటిసారి ఇంటికి వెళ్లినప్పటి కంటే ఎంత పెరిగితే, అంత నీరు ఒంట్లో చేరినట్టు. ఓ రోజు, మాతో పాటు డయాలిసిస్‌కి వచ్చే దర్జీ నాలుగున్నర కిలోలు పెరిగి వచ్చాడు.

"నీళ్లు తాగావా, చెరువు మింగావా?" అని అరిచింది చిన్న సిస్టర్. చిన్నప్పుడు కాన్వెంటులో మదర్ కేకలు విన్నవాణ్ణి, నేనే ఉలిక్కిపడ్డాను.

"నా నోరు, నా దాహం! నీ సూది నువ్వే పొడుచుకో తల్లీ," అంటూ దర్జీ చెప్పులు వేసుకుని గుమ్మం వైపు నడిచాడు. అలా వెళితే ఎల్లుండికి మనిషి దక్కడని అందరికీ తెలుసు.

"వెళ్దువుగాని తమ్ముడూ. ఇది చూసి వెళ్లు," అంది పెద్దక్క.

బరువు మిషను పక్క గోడ మీద నాలుగు వేళ్ల జిడ్డు మరక ఉంది. రెండుసార్లు రంగు వేసినా మళ్లీ పైకి తేలిందని ఆయాలు చెప్పుకుంటారు.

"ఇక్కడికి ఒక కండక్టర్ వచ్చేవాడు. నీళ్లు ఎక్కువ తాగొచ్చినప్పుడల్లా నలుగురిలో కడిగేసేదాన్ని. తిట్లు పడలేక గోడకి వేళ్లు ఆనించి నిలబడటం నేర్చాడు. ఓ రోజు మిషను రెండు కిలోలు తక్కువ చూపించింది. ఒంట్లో నీరు తక్కువే తీశాను. తెల్లారేసరికి, ఇంట్లో, ఊపిరాడక..." ఆగింది. "వేళ్లు ఆనించడం నేను చూశాను తమ్ముడూ. అరిచి అరిచి విసుగొచ్చి, పోనీలే అనుకున్నాను."

దర్జీ గుమ్మం దగ్గరే ఆగి చెప్పులు విడిచాడు.

"నేనలా అనాల్సింది కాదు బాబాయ్," అంది చిన్న సిస్టర్ మెల్లగా. "ఎంత తాగావో చెప్పు. అరవను."

"తాగలేదు. పుచ్చకాయ తిన్నా."

"ఎన్ని ముక్కలు?"

"ముక్కలేంటి, కాయ!"

అందరం నవ్వాం. పెద్దక్క నవ్వలేదు. "ఇవాళ మూడు కిలోలు తీస్తాం. అంతా ఒకేసారి లాగితే గుండె తట్టుకోదు. మిగతాది రేపు తొమ్మిదింటికి. వస్తావుగా?"

"వస్తానక్కా."

మర్నాడు నా వంతు కాకపోయినా వెళ్లాను. తొమ్మిదయింది. పెద్దక్క గుమ్మంలో నిలబడే ఉంది. కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. బస్సు దొరకలేదని గొణుక్కుంటూ దర్జీ వచ్చేసరికి తొమ్మిదిన్నర. ఆ అరగంటలో ఆవిడ పాపిట పక్క జుట్టు నెరవడం నా కళ్లతో చూశాను. నమ్మితే నమ్మండి.