మహిళా మండలి చాప మీద నేను

మా ఇంటావిడకు సన్మానం జరిగిన ఆదివారం నేను ఆ హాల్లో లేను. ఈ మాట చెప్తే మా చుట్టాలు ఇప్పటికీ నన్ను ఎగాదిగా చూస్తారు. ఎందుకు లేనో చెప్పాలంటే ముందు నా బుద్ధి సంగతి చెప్పుకోవాలి.

నేను బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైనవాణ్ణి. నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో నాలుగైదు కిరాయి ఇళ్లు మారి, చివరికి ఒక చిన్న ఫ్లాట్ కొనుక్కున్నాను. మా కాలనీ మహిళా మండలిలో మా ఆవిడ మొదటి నుంచీ ఉంది. సగం మంది గుంటూరు, కృష్ణా వైపు నుంచి వచ్చినవాళ్లు, సగం మంది మా వైపు వాళ్లు. శుక్రవారం మధ్యాహ్నం ఒక టెర్రస్ మీద కూర్చుంటారు. ఒకరి పచ్చడి ఒకరు రుచి చూసుకుంటూ ఇంట్లో మగవాళ్ల మీద తీర్పులు చెప్పుకోవడం తప్ప వాళ్లకు వేరే పనేముందని నా ఉద్దేశం. ఆవిడ చెప్పులు వేసుకుంటుంటే "యాడికి?" అని అడిగేవాణ్ణి. జవాబు వచ్చేలోపు టీవీలో పడిపోయేవాణ్ణి.

వాళ్ల పనుల్లో ఒకటి పరీక్ష గేటు పని. మా దగ్గర కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్లకు లెక్క లేదు. ఏ ఉద్యోగ పరీక్ష పడినా ఊళ్ల నుంచి ఆడపిల్లలు ఒంటరిగా వస్తారు. తీరా గేటు దగ్గర ఫోను వద్దు, వాచీ వద్దు, చెవులకు కమ్మలు వద్దు అంటారు. అవి ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పరు. చాలా ఏళ్ల కింద ఎల్బీనగర్‌లో ఒక కాలేజీ ముందు ఒక పిల్ల ఫోను చేతిలో పట్టుకుని ఏడుస్తుంటే, కూరగాయలకు పోయిన మా ఆవిడ ఆ ఫోను తీసుకుని మూడు గంటలు అక్కడే కూర్చుంది. ఆ రోజు నాకు అన్నం ఆలస్యమైందని నేను గొడవ చేశాను. అది మాత్రం నాకు బాగా గుర్తుంది.

అప్పటి నుంచి ప్రతి పరీక్షకూ మండలి వాళ్లు అదే గేటు ముందు చాప వేసి, 'మహిళా మండలి' అని బ్యానర్ కట్టి కూర్చుంటారు. మిగిలిన జాకెట్టు ముక్కలతో సంచులు కుట్టారు. ఒక్కో పిల్ల సొత్తు ఒక్కో సంచిలో వేసి, హాల్ టికెట్ చివరి మూడు అంకెలు రాసిన చీటీ పిన్నుతో గుచ్చి, పెద్ద రేకు పెట్టెలో పెడతారు. పరీక్ష అయిందాకా చాప మీద నుంచి కదలరు.

ఇన్నేళ్ల సేవకు మండలిని సన్మానించాలని కాలనీ సంఘం వాళ్లు అనుకున్నారు. గేటు పని మొదలుపెట్టింది మా ఆవిడే కాబట్టి మండలి తరఫున తనే మాట్లాడాలని మండలి ప్రెసిడెంటు గారు పట్టుబట్టారు. ఆవిడ గుంటూరు వైపు మనిషి, రిటైరైన టీచరు, ఒకసారి అనుకుంటే వదలరు. మా ఆవిడకేమో వంటింట్లో ఉన్న నోరు నలుగురిలో ఉండదు. వారం రోజులు సరిగ్గా తినలేదు. ఒక పొద్దున ఇడ్లీ పెడుతూ అంది.

"నువ్వు ముందు వరుసల కూసోవాలె. నిన్ను జూసుకుంట మాట్లాడ్త."

"నన్ను జూస్తె ఏమొస్తది?"

"నిన్ను తిడుతున్న అనుకుంట. అప్పుడు మాట దానంతట అదే వస్తది."

నాకు నవ్వొచ్చింది గానీ ఆవిడ నవ్వలేదు. పెళ్లయి ముప్పై ఏళ్లు దాటింది, నా నుంచి ఆవిడ ఏదైనా అడగడం చాలా తక్కువ. తప్పకుండా వస్తానని మాటిచ్చాను. కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాను.

అంతలో ఒక పరీక్ష వాయిదా పడి సరిగ్గా ఆ ఆదివారానికే వచ్చి కూర్చుంది. సన్మానమే వద్దని మండలి ఆడవాళ్లంతా ఒక్కమాటగా తేల్చేశారు. నాకు ఒళ్లు మండింది. ఊరి నుంచి చుట్టాలను కూడా పిలిచి ఉన్నాను.

"చాప మీద కూసునుడు గంత పెద్ద పనా? నేను కూసుంట. పదింటికి గేటు మూస్తరు. పెట్టెకు తాళమేసి పక్కన చాయ్ దుకాణంల పెట్టి, పదకొండింటికల్ల హాల్ల ఉంట. మల్ల పరీక్ష ఇడిసే టైంకు వోతా" అన్నాను.

ఆడవాళ్లకు అది అంతగా నచ్చలేదు. కానీ వేరే దారి లేక ఒప్పుకున్నారు.

ఆ పొద్దున ఎనిమిదింటికే చాప వేశాను. గంటలో నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒక పిల్ల కమ్మ శీల ఊడిరావడం లేదు. ఇంకో పిల్ల ఫోను ఆఫ్ చేయకుండా ఇచ్చి పోయింది, అది సంచిలో మోగుతూనే ఉంది. ఒక అమ్మాయి తన హాల్ టికెట్ కూడా సంచిలో వేసి పోతే, దాన్ని పట్టుకుని గేటు దాకా ఉరికాను. ముప్పై ఏళ్లు ఇంజన్లు విప్పిన చేతులకు చిన్న చిన్న పిన్నులు లొంగలేదు. ఈ పని మా ఆవిడ ఇన్నేళ్లుగా చేసి, ఇంటికొచ్చి నాకు వంట కూడా చేసేది.

పదికి ఒక్క నిమిషం ఉందనగా ఒకమ్మాయి బస్సు దిగి ఉరికొచ్చింది. చంకలో నాలుగు నెలల బిడ్డ.

"ఆంటీ లేదా? పోయిన పరీక్షకు పాపను ఆంటీనే పట్టుకున్నది" అంది రొప్పుతూ.

"ఆమె మా ఇంటామెనే" అన్నాను.

లోపలి నుంచి గేటు మూస్తున్నామని కేక వేశారు. ఆ అమ్మాయి నా మొహం చూసింది, బ్యానర్ చూసింది. బిడ్డను నా ఒళ్లో పెట్టి, పాల సీసా ఉన్న సంచి చాప మీద పడేసి పరుగెత్తింది. ఆమె వెనకే గేటు పడింది.

నేను అలాగే కూర్చుండిపోయాను. పెట్టెకైతే తాళం వేయొచ్చు, ఈ పాపను ఏం చేయను? ఆటోలో హాలుకు తీసుకుపోదామా అనుకున్నాను. తల్లి మధ్యలో బయటికొస్తే? బిడ్డ కనపడకపోతే ఆమె గుండె ఆగిపోదూ? మా ఆవిడకు ఫోన్ మీద ఫోన్ చేశాను, ఎత్తలేదు. పదకొండైంది. ముందు వరుసలో నా కుర్చీ ఖాళీగా ఉంటుంది, ఆవిడ మైకు ముందు నిలబడి నాకోసం వెతుకుతుంటుంది. జీవితంలో ఒక్కసారి అడిగిన ఒక్క పని కూడా చేయలేకపోయానని నిజంగా ఏడుపొచ్చింది. నేను మొదలుపెట్టకముందే పాప మొదలుపెట్టింది.

పదకొండున్నరకు ప్రెసిడెంటు గారి నుంచి వీడియో కాల్ వచ్చింది.

"అన్నయ్యగారూ, ఎక్కడున్నారండీ? వదినగారు మైకు పట్టుకుని అయిదు నిమిషాలైంది, నోరు మెదపట్లేదు."

ఇక్కడే ఉన్నానని పాపను చూపించాను. ఆవిడ ఇంకేమీ అడగకుండా ఫోను తీసుకెళ్లి మా ఆవిడ చేతిలో పెట్టారు. తెర మీద మా ఆవిడ కనిపించింది. మెడలో దండ, భుజాల మీద శాలువా, మొహంలో నెత్తురు చుక్క లేదు. నన్ను చూసింది, నా చేతుల్లో గుక్కపట్టిన పాపను చూసింది.

"ఏందయ్యా గది? పిల్లను గట్లనా పట్టుకునేది?"

మైకు ఆవిడ నోటి దగ్గరే ఉంది. మాట హాలంతా వినబడి, నాకు ఫోనులో రెండోసారి వినబడింది.

"మెడ కింద చెయ్యి పెట్టు. ఎండ మొహం మీద వడుతున్నది, బ్యానర్ నీడకు జరుగు. సంచిల పాలసీసా ఉంటది, చేతి మీద రెండు చుక్కలేసుకొని జూడు. పట్టినంక భుజానేసుకొని వీపు నిమురు, ఎంటనే పండబెట్టకు. వాళ్లమ్మ లోపల రాస్తున్నది, ఈ పిల్ల ఏడుపు ఆమెకినబడితె రాసేది కూడ మర్చిపోతది. అందుకే మేము గేటు కాడ కూసుంటం. మేం పెద్ద సేవ ఏం చేస్తలేం. లోపలున్న పిల్లకు బయట పరేషాన్ ఉండొద్దు, గంతే."

ఫోను పెట్టె మీద నిలబెట్టి, ఆవిడ చెప్పినట్టే చేశాను. పాప సీసా అందుకుని ఊరుకుంది. మా ఆవిడకు అప్పుడు మైకు గుర్తొచ్చినట్టుంది. జనం వైపు తిరిగి, ఈసారి మెల్లగా మాట్లాడింది.

"ఇన్నేండ్ల సంది నేను చెప్పులేసుకుంటె చాలు, యాడికి అని అడిగేటోడు. చెప్తె ఇనకపోయేటోడు. ఇయ్యాల నేను పోయేకాడికే పోయి కూసున్నడు. నాకు గిదే సన్మానం."

చప్పట్లు ఎంతసేపు మోగాయో చెప్పలేను, పాపను పట్టుకున్న చెయ్యి నొప్పి పుట్టింది. చాయ్ దుకాణం అతను వచ్చి ఎందుకేడుస్తున్నావు పెద్దాయనా అని అడిగాడు. సంతోషంగా ఉందని చెప్పాను. అబద్ధం చెప్పాల్సిన పనేముంది?

పన్నెండున్నరకు గేటు తీశారు. ఆ అమ్మాయి అందరికంటే ముందు ఉరికొచ్చింది. నిద్రపోతున్న పాపను ఎత్తుకుని, మొహమంతా తడిమి చూసుకుని, అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

"మంచిగ రాసిన అంకుల్. వచ్చే నెల ఇంకోటున్నది, అప్పుడు ఆంటీ వస్తదా?"

"ఇద్దరం వస్తం" అన్నాను.

ఆమె నన్ను, ఆ రంగు రంగుల జాకెట్టు సంచులను, నా తల మీది బ్యానర్‌ను మార్చి మార్చి చూసి నవ్వింది.

"మీరు గూడ మహిళా మండలేనా అంకుల్?"

అవతల పిల్లలు వరుస కట్టి అంకెలు చెప్తున్నారు. పెట్టె మూత తీస్తూ, "అవును బిడ్డా" అన్నాను.