ఈశాన్యం నల్లా

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో మా పట్నంలో గోదావరి నీళ్ల లెక్క తెలియని మనిషి లేడు. మన వాటా ఎంత, వస్తున్నది ఎంత అని చాయ్ హోటలాయన సైతం గ్లాసు అందిస్తూ చెప్పేవాడు. పట్నంలో నల్లా ముందు ఎవరికి వస్తుంది, ఎందుకు వస్తుంది అని అడిగితే మాత్రం అందరూ చాయ్ తాగడంలో పడేవాళ్లు. జనగామకూ మానుకోటకూ నడుమ ఉన్న ఊరు మాది. పేరు రాయను. రాస్తే ఈశాన్యం గల్లీవాళ్లు నన్ను పెళ్లిళ్లకు పిలవడం మానేస్తారు.

పన్నులు సకాలంలో కట్టండి, చెత్త రోడ్డు మీద వేయకండి అని మా మున్సిపాలిటీ గోడల మీద చాలా విధానాలు ఉండేవి. ఏ గోడ మీదా రాయకుండానే తప్పకుండా అమలయ్యేది ఒక్కటే. పొద్దున ట్యాంకు వాల్వు తిప్పితే నీళ్లు ముందుగా ఈశాన్యం గల్లీకి పోవాలి. తర్వాత బజారుకు, ఆ తర్వాత నేను పాఠాలు చెప్పే కాలేజీ వైపుకు, అందరికన్నా ఆఖరున రైలు పట్టాల అవతల కాలనీకి. తండాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడ ఉండేవి. ట్యాంకు కట్టిననాడు వాస్తు చూసిన పెద్దమనిషి, నీళ్లు ఈశాన్యం నుంచి మొదలైతే ఊరు పచ్చగా ఉంటుందని చెప్పాడట. ఆయన పోయాడు, ఆయన మాట వాల్వు పట్టుకుని ఉండిపోయింది.

పైపుకు తూర్పు తెలియదు, వాల్వుకు తిథి తెలియదు అని నేను గ్రంథాలయంలో, బస్టాండులో, చివరికి కమిషనర్ గదిలో కూడా వాదించాను. ఆయన నవ్వి, రాష్ట్రం రానివ్వండి సార్, అప్పుడు చూద్దాం అన్నాడు. ఆ రోజుల్లో పెళ్లి నుంచి పింఛను దాకా ప్రతిదానికీ అదే జవాబు.

ఇంతలో సమ్మె వచ్చింది. ఆఫీసులకు తాళాలు పడ్డాయి. మున్సిపాలిటీ సిబ్బంది అంతా చౌరస్తాలో మా దీక్ష టెంటు కిందికి చేరారు. తాగునీళ్లు మాత్రం ఆపొద్దని ఉద్యమ కమిటీ తీర్మానించింది. వాల్వు తిప్పే అన్న పొద్దున వెళ్లి నీళ్లు వదిలి, వచ్చి దీక్షలో కూర్చునేవాడు. ఏ దుకాణం ఎప్పుడు తెరవాలి, ఏ బండిని పోనివ్వాలి, అన్నీ టెంటులో పరిచిన జంపఖానా మీదే తేలేవి. నిజం చెప్పాలంటే ఆ పట్నానికి అంత చురుకైన పాలన అంతకుముందు లేదు.

ఒక పొద్దున కాలనీ నుంచి ఒకామె ఖాళీ బిందెతో టెంటులోకి వచ్చింది. పత్తి ఏరే కాలం అది. కూలీల ఆటోలు తెల్లవారగానే మరిపెడ వైపు చేన్లకు పోయేవి. కాలనీకి నల్లా వచ్చేసరికి ఆటో కనుచూపు దాటేది. నీళ్లు పట్టుకుంటే కూలి పోతుంది, కూలికి పోతే ఇంట్లో పిల్లలకు నీళ్లుండవు. ఇంకొక్కసారి ఆటో తప్పితే పనిలోకి రావొద్దని మేస్త్రి చెప్పేశాడట. ఇదంతా నెమ్మదిగా చెప్పి, గోదావరి మీద మాట్లాడుతున్న మా వక్త ముందు బిందె దించింది.

“వాటా కోసమే గద అన్నా కూసున్నరు. మరి మా వాటా మాకెప్పుడొస్తది?”

వక్త మైకు నాకిచ్చాడు. అంతకన్నా మంచి అదను నాకు జన్మలో దొరకదు. వరుస తిరగేద్దాం అన్నాను. ఆటో ఆగదు కాబట్టి కాలనీకి ముందు, దుకాణం గద్దె మీద కూర్చునేవాళ్లు ఆగగలరు కాబట్టి ఈశాన్యానికి ఆఖరున.

ఈశాన్యం గల్లీ షావుకారు లేచాడు. టెంటు గుడ్డ, పొద్దుటి చాయ్ ఆయనవే. “దేవుణ్ణి నమ్మవు, సరే. దిక్కులనన్న నమ్ము సారూ.”

“నమ్ముతనే అన్నా. నాలుగూ నాకు సమానమే.”

టెంటంతా నవ్వింది. షావుకారు కూడా నవ్వి ఒప్పుకున్నాడు గానీ, రాష్ట్రం రాకపోతే పూచీ నీదే అని అందరి ముందూ నా మీద పెట్టాడు. రాష్ట్రం వచ్చేదాకా నేను ఆ పూచీ కిందే బతికాను.

మరునాడు కాలనీలో ముందుగా నల్లా వచ్చింది. ఎర్రగా, బురదగా వచ్చింది. ట్యాంకు అడుగున పేరుకున్నదంతా మొదటి వంతు గల్లీకే పోతుంది మరి. అదే పొద్దున ఈశాన్యం గల్లీకి తేట నీళ్లు వచ్చాయి. ఇన్నేళ్లుగా వాళ్లు ఆ బురదకే కుంకుమబొట్టు పెట్టి, మొదటి బిందె గడపకు పోసి, మిగతాది పటిక వేసి తాగుతున్నారు. షావుకారు టెంటుకు వచ్చి, నా చెవి దగ్గర, ఈ వరుసే ఉండనియ్యి సారూ అన్నాడు. నా ఉపన్యాసాలు కదపలేని దిక్కును ఒక్క తేట బిందె కదిపింది.

నేనింకా మురిసిపోతుండగానే, సాయంత్రం ఆమె చేను నుంచి నేరుగా వచ్చింది. జుట్టులో పత్తి నూగు అట్లాగే ఉంది. ఆటో దొరికింది గానీ పిల్లలు బురద నీళ్లు తాగారని చెప్పింది. మొదటి వంతు నువ్వే అడిగినవ్ గద, మొదటి నీళ్లు గట్లనే ఉంటయి అన్నాడు షావుకారు.

“నేనడిగింది జల్ది నీళ్లు, బురద నీళ్లు గాదు. బురదను మోరిల ఇడిసి, అటెన్క మాకియ్యుండ్రి.”

అందరం వాల్వు అన్న వైపు చూశాం. ట్యాంకు కింద అందుకోసమే ఇంకో వాల్వు ఉందని ఆయన ఒప్పుకున్నాడు. ఈశాన్యానికి పోవాల్సిన తొలి నీళ్లు మోరీ కాలువలో పోస్తే అరిష్టమని దాన్ని ఎవరూ ముట్టనివ్వలేదట. నేను మైకు కోసం చెయ్యి చాపాను. షావుకారు దాన్ని వెనక్కి లాక్కుని, రేపు తిప్పన్నా అని తానే చెప్పాడు.

మరునాడు పొద్దున బురద మోరీలో పోయింది. నేను టెంటుకు వస్తుంటే మరిపెడ ఆటో ఎదురొచ్చింది. వెనక పట్టుకుని కూర్చున్న ఆమె తడి కొంగు గాలికి ఆరుతూ ఉంది. చెయ్యెత్తి, పిల్లలు తేట నీళ్లు తాగిండ్రు అన్నా అని చెబుతుండగానే ఆటో మలుపు తిరిగింది.