బాబా వినాలనుకున్న తుపాకీ చప్పుడు

2022లో నేను షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో, లైసెన్సున్న ఒక తుపాకుల రిపేరు వర్క్‌షాపులో ఫోర్‌మన్‌ని. తుపాకులనగానే సినిమా ఊహించుకోకండి. మాకొచ్చేవన్నీ షూటింగ్ క్లబ్బుల రైఫిళ్లు, తుప్పు పట్టిన ట్రిగ్గర్లు. రాజమండ్రిలో పంపుసెట్ల షాఫ్టులు తీసిన నా చేతులే ఇక్కడ బ్యారెళ్లకి మెరుగుపెట్టేవి. లేత్ మిషన్‌కి దేశాలతో పనేముంది?

ఆ చలికాలం రాషిద్ అనే ఎమిరాతీ ఆయన తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. తండ్రి పేరు సయీద్. రస్ అల్ ఖైమా కొండల్లో పుట్టి పెరిగిన మనిషి, ఎనభైకి దగ్గరగా ఉంటాడు. మేమంతా బాబా అనేవాళ్లం. ఆయన గుడ్డలో చుట్టి తెచ్చింది వాళ్ల నాన్న రైఫిల్. వందేళ్లు పైబడిన రిమ్‌ఫైర్ రకం. అంటే తూటా అడుగున అంచులో మందు ఉంటుంది, ఆ అంచు మీద కొడితే పేలుతుంది. ఇప్పటి పెద్ద తూటాలకి దెబ్బ నడిమధ్యన పడాలి. వాటిని సెంటర్‌ఫైర్ అంటారు.

"దీనికి తూటాలు చెయ్యడం ఎప్పుడో మానేశారు, అర్బాబ్," అన్నాను. ఇక్కడ యజమానుల్ని అలాగే పిలుస్తాం.

"ఇప్పటి తూటా పట్టేలా మార్చలేవా?" రాషిద్ హిందీలో అడిగాడు. "బాబాకి ఒక్కసారి దీని చప్పుడు వినాలనుంది. ఒక చెవి పోయింది. రెండోది కూడా ఎన్నాళ్లో ఉండదన్నాడు డాక్టరు."

బాబా అరబీలో చెబుతుంటే కొడుకు మాకు విప్పి చెప్పాడు. వాళ్ల నాన్న దూరం వెళ్లి ఖర్జూరాలు అమ్ముకుని తిరిగొచ్చేటప్పుడు, ఊరి ముందున్న ఎండిన కొండవాగు మలుపులో ఆకాశంలోకి ఒక్క తూటా పేల్చేవాడట. ఆ చప్పుడు కొండల్లో తిరిగి తిరిగి ఇంటిదాకా వచ్చేది. వినగానే అమ్మ కాఫీ పొయ్యి మీద పెట్టేది. పిల్లలు చెప్పుల్లేకుండానే వాగులోకి పరిగెత్తేవాళ్లు. చెబుతూ చెబుతూ బాబా నవ్వాడు. ఆ నవ్వు చూశాక పని వద్దనడానికి నాకు నోరు రాలేదు.

మార్చాలంటే తూటాని కొట్టే బోల్ట్ ముఖాన్ని కోసి, దెబ్బ మధ్యలో పడేలా చెయ్యాలి. పాత ఉక్కు ఇప్పటి మందు జోరుకి తట్టుకోదు కాబట్టి బ్యారెల్ లోపల లైనర్ అనే సన్నటి గొట్టం దిగేసి, చిన్న తూటా వాడాలి. మా టర్నర్ యాదగిరిది జగిత్యాల. రైఫిల్‌ని చేతిలో తిప్పి చూసి పెదవి విరిచాడు.

"అన్నా, కోసినంక మల్ల అతకదు. పెద్దమనిషి పాత సామాను, జర సోంచాయించు."

ఆ మాటే బాబాకి చెప్పించాను. "మళ్లీ మొదటిలా కాదు బాబా, బాగా ఆలోచించుకోండి."

"యల్లా," అన్నాడాయన, ఆలస్యం దేనికన్నట్టు.

అనుమతుల సంగతి రాషిద్ చూసుకున్నాడు. పని మేం చూసుకున్నాం. గొప్ప చెప్పుకోకూడదు గానీ, అంత శుభ్రమైన పని నేను మళ్లీ చెయ్యలేదు. పరీక్ష కాల్పుల్లో గురి కూడా దారం పట్టినట్టు వచ్చింది. యాదగిరి సైతం మెచ్చుకున్నాడు.

అందరం కలిసి షూటింగ్ రేంజ్‌కి వెళ్లాం. బాబా కొత్త కందూరా, అరబ్బుల తెల్లటి పొడుగు అంగీ, వేసుకొచ్చాడు. నిబంధన ప్రకారం చెవులకి చప్పుడు ఆపే ఇయర్ మఫ్స్ పెట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన కళ్లు మూసుకున్నాడు. రాషిద్ పేల్చాడు. తూటా అట్ట మధ్యలో దిగింది. నేను చప్పట్లు కొట్టబోయాను.

బాబా కళ్లు తెరవలేదు. అలాగే ఉండి అడిగాడు, "ఇంకా పేల్చలేదా?"

రాషిద్ రేంజ్ అధికారిని బతిమాలి, బాబాని ఆరుబయట మఫ్స్ లేకుండా నిలబెట్టి, లోపల మళ్లీ పేల్చాడు. 'తప్' మంది. పక్క గదిలో ఎవరో తలుపేసినట్టు, అంతే. అప్పుడు వెలిగింది నాకు. ఆ పాత చప్పుడు సగం అప్పటి నల్లటి తుపాకీమందుది, లావుపాటి తూటాది. మిగతా సగం కొండలది. మేం ఆ తూటాని తీసేసి తుపాకీని మాత్రం బాగుచేశాం.

రాషిద్ పేలిన తూటా ఖాళీ గొట్టం తెచ్చిచ్చాడు. బాబా అందులో మందు వాసన చూసి తిరిగిచ్చేశాడు.

"ఇది మా నాన్న కాదు," అన్నాడు. నా మొహం చూసి జాలేసిందో ఏమో, భుజం తట్టి, "మాఫీ ముష్కిల్," అన్నాడు. పర్వాలేదని. తిట్టినా బాగుండేది.

కొన్నాళ్లకి బాబా మళ్లీ వచ్చాడు, రైఫిల్ అదే గుడ్డలో చుట్టుకుని. దీన్ని ఎప్పటిలా చెయ్యగలవా అని కొడుకుచేత అడిగించాడు. లైనర్ పీకెయ్యగలను. కోసిన బోల్ట్‌ని ఎక్కడ తేను? తల అడ్డంగా ఊపాను.

"మళ్లీ పేల్చడానికి కాదు," అన్నాడు బాబా. "ఇన్నేళ్లూ ఇది పేలకపోయినా, చేత్తో పట్టుకుంటే చాలు, నాకు వినిపించేది. ఇప్పుడు పట్టుకుంటే మొన్నటి చప్పుడే వినిపిస్తోంది."

రైఫిల్ అక్కడే వదిలి వెళ్లబోతే రాషిద్ తీసుకుని వెనకాలే నడిచాడు.

ఇప్పుడు ఎవరు పాత వస్తువు తెచ్చినా స్పానర్ ముట్టుకోను. ముందు కుర్చీ వేసి, టీ తెప్పించి, దాంతో మీకేం కావాలని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. చాలామంది చెప్పి, చెప్పి, చివరికి వస్తువు గుడ్డలో చుట్టుకుని తీసుకెళ్లిపోతారు. ఆ రోజు నాకు ఒక బేరం పోతుంది. నిద్ర మాత్రం బాగా పడుతుంది.