ఒక్కపొద్దు నడక

నిన్న సాయంత్రం పటాన్‌చెరు మార్కెట్ మలుపులో షర్బత్ బండి దగ్గర ఐసుగడ్డ కడుగుతున్నారు. తడిసిన రంపపు పొట్టు వాసన గుప్పుమంది. రంజాన్ వచ్చిందని నాకు నెలవంక కన్నా ముందు ఆ వాసనే చెబుతుంది. చేతిలో కూరగాయల సంచి ఉంది, ఇంట్లో బోలెడు పని ఉంది, అయినా అక్కడే నిలబడిపోయాను. "ఏం కావాలమ్మా" అని బండివాడు రెండుసార్లు అడిగాడు. ఖైరున్ ఆపా గుర్తొచ్చింది నాయనా అంటే అతనికేం అర్థమవుతుంది, ఏమీ వద్దని చెప్పి వచ్చేశాను.

ఎనభైల చివర నేను పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో మాత్రలు ప్యాకింగు చేసేదాన్ని. జోగిపేట వైపు మా ఊళ్లో అమ్మ, అమ్మమ్మ అందరూ ఒకరి పొలాల్లో నాట్లు వేసి బతికినవాళ్లే. మా ఇంట్లో కంపెనీ బస్సెక్కిన మొదటి ఆడమనిషిని నేను. ఆ గర్వం నెత్తికెక్కిందేమో, ఒకరోజు ఆ బస్సు దిగుతూనే జారిపడ్డాను. చీలమండ పైన ఎముక విరిగింది. ఆరు వారాలకు కట్టు విప్పారు. ఇక నడిస్తేనే కాలు బాగుపడుతుందని అందరూ చెప్పేవారు. సూపర్‌వైజర్ మాత్రం ఒక్క మాటే కబురు పంపాడు: "ఒకటో తారీఖున వచ్చి ఎనిమిది గంటలు నిలబడాలె. లేకుంటే వేరే మనిషిని చూసుకుంటం." మధ్యలో నెల పైన కొన్ని రోజులే ఉన్నాయి. ఆ ఉద్యోగం పోతే మళ్లీ బురదలోకే. అది తెలిసి కూడా నేను గోడ పట్టుకుని వాకిలిదాకా పోయి, పడతానేమోనని భయమేసి, తిరిగొచ్చి మంచమెక్కేదాన్ని. ఎవరడిగినా రేపట్నుంచి నడుస్తాననేదాన్ని.

పక్క గదిలో ఖైరున్ ఆపా ఉండేది. యాభై దాటిన మనిషి, కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టేది. కట్టు విప్పించడానికి నన్ను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆమే. ఆ రోజు నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, తాను మళ్లీ లోపలికి పోయి డాక్టరుతో చాలాసేపు మాట్లాడింది. రంజాన్ మొదటి రోజు సాయంత్రం, ఎండ ఇంకా చల్లారకముందే, బురఖా వేసుకుని మా గుమ్మంలో నిలబడింది.

"ఆ దినం డాక్టర్ రోజూ నడవమన్నడు బిడ్డా. ఒక్కతె పోవాల్నంటే భయమైతది. తోడు కావాలె. లేస్తవా?"

ఓహో, అంతసేపు లోపల ఉన్నది ఇందుకా అనుకున్నాను. ఆ వయసు వాళ్లను డాక్టర్లు నడవమన్నారంటే ఇంకేముంటుంది, షుగరే.

"ఒక్కపొద్దుండి ఎట్ల నడుస్తవ్ ఆపా?"

"రోజా నోటికి బిడ్డా. కాళ్లకు గాదు."

పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు ముట్టని మనిషి తోడు రమ్మంటుంటే నా కాలు నొప్పని చెప్పడానికి సిగ్గేసింది. లేచాను.

మొదటి వారం వీధి చివర పిండిగిర్ని దాకానే. నేను ఆమె మొహమే చూస్తూ నడిచేదాన్ని. పెదవులు ఎండిపోతే, నుదుట చెమట పడితే, కళ్లు తిరుగుతున్నాయేమోనని కంగారు. "ఆపా, జెర కూసో" అని కల్వర్టు మీద కూర్చోబెట్టేదాన్ని. మారుమాట లేకుండా కూర్చునేది. నేను లేస్తేనే లేచేది. నోరు మూసుకుని, ముక్కుతో గాలి పీల్చుకుంటూ, ఒకే తీరుగా అడుగులేసేది. పొద్దున చల్లగా ఉంటుంది కదా, అప్పుడే పోదామని ఒకసారి అన్నాను. "పొద్దుగాల నడిస్తే దినమంత దూప తట్టుకోవాలె. గిప్పుడైతే ఇగ జెర సేపట్ల నీళ్లు దొరుకుతయని పాణానికి ఎరుకే. గమ్మున నడుస్తది" అంది.

మూడో వారానికి బొంబాయి రోడ్డు మీది ఐసు డిపో దాకా పోగలిగాం. ఇఫ్తార్‌కు ఒక ఐసుముక్క కొని, గోనెపట్టా చుట్టి, నా చేతికిచ్చింది. "కరుగుతది. జల్దీ నడువు" అని ముందుకు సాగింది. జల్దీ ఎక్కడ? నా కుంటి నడకకు మోచేతుల మీదుగా నీళ్లు కారిపోయి, ఇల్లు చేరేసరికి అది నిమ్మకాయంత అయింది. దాన్ని గ్లాసులో వేసుకుని, అజాన్ వినబడగానే తాగి, కడుపారా నవ్వింది ఆపా. నాకు రోషం వచ్చింది. మర్నాడు కొబ్బరికాయంత మిగిలింది. నెల చివరికి ఐసు గడ్డకు గడ్డే ఇంటికి చేరేది, పగలగొట్టడానికి పచ్చడిబండ కావాల్సి వచ్చేది. ఆపా చేత చల్లటి నీళ్లతో రోజా విప్పించాలన్న పట్టుదలలో, నా కాలొకటి ఉందన్న సంగతే మరిచిపోయాను.

పండగనాడు వాళ్లింటికి పిలిచారు. ఆపా తన గిన్నెలో షీర్ ఖుర్మా నిండా పోసుకుంటుంటే గబుక్కున చెయ్యి పట్టుకున్నాను. "షుగర్ పెట్టుకుని గంత తీపి తింటవా ఆపా?"

వాళ్లబ్బాయి తెల్లబోయి చూశాడు. "అమ్మీకి షుగరా? ఎప్పట్నుంచి?"

"నేనేడ చెప్పిన షుగరని?" అంది ఆపా తాపీగా. "డాక్టర్ నడవమన్నడన్న. ఎవర్ని నడవమన్నడో నువ్వడగలే. ఒక్కతె పోవాల్నంటే భయమన్న. ఎవరికి భయమో అదీ అడగలే."

మన తెలుగు అంతే కదా, నాకు, నీకు అనకుండానే వాక్యం నిక్షేపంగా నడిచిపోతుంది. నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "నా కాలు కోసమని సీదా చెప్పొద్దా? నడవకపోదునా?"

"నడవకపోదువు. నీకోసమైతే రేపు అంటవు. నాకోసమని ఇయ్యాల్నే లేసినవు. మరి రోజాల అబద్ధమాడొద్దు గద, గందుకే సగం మాట చెప్పిన."

ఒకటో తారీఖున లైనులో ఎనిమిది గంటలు నిలబడ్డాను. మధ్యాహ్నానికి కాలు వాచింది, అయినా నిలబడ్డాను. ఆ కంపెనీలోనే ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను.

అందులో పదేళ్లు గడిచాక ఆపాకు నిజంగానే షుగర్ వచ్చింది. నడవమంటే మిషను వదలదు, రేపు చూద్దామంటుంది. ఒక సాయంత్రం వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. "ఆపా, పాత దెబ్బ మళ్ల సలుపుతున్నది. డాక్టర్ నన్ను నడవమన్నడు. తోడు రావా?" ఒక్కపొద్దున్నదాన్ని కాదు కదా, నిర్భయంగా పూర్తి అబద్ధమే ఆడాను. ఆపా నా మొహంలోకి ఒకసారి చూసి చెప్పులేసుకుంది. తాను కన్నుమూసేదాకా నాతో నడిచింది.

ఇప్పటికీ సాయంత్రం ఐదు దాటితే మా వీధిలో మూడిళ్ల తలుపు కొడతాను. ఒకామెకు బీపీ, ఒకామెకు మోకాళ్లు, మూడో ఆమెకు భర్త పోయిన దిగులు. నేను కాలు ఈడ్చి మొహం చిట్లించగానే ముగ్గురూ నా మీద జాలిపడి బయల్దేరతారు. నా కాలు చివరిసారి నొప్పి పెట్టి ముప్పై ఏళ్లయింది.